చాయిస్‌లో వదిలేసిన పదిహేను శతాబ్దాలు

మొన్న సోమవారం ఉదయం మా టీమ్ మీటింగ్‌లో ఒక విడ్డూరం జరిగింది. నేను మాట్లాడాను.

మామూలుగా నేను కెమెరా ఆపేసి, మ్యూట్‌లో ఉండి, ఉప్మా తింటూ దేశసేవ చేస్తుంటాను. ఏ దేశానికి అని అడక్కండి, నా గ్రీన్‌కార్డు కేసు ఇంకా పెండింగ్‌లో ఉంది. ఆ రోజు టెస్టింగ్ చూసే ఒకాయన సెలవుల నుంచి తిరిగొచ్చి తన వెనకాల బ్యాక్‌గ్రౌండ్‌గా ఒక ఫొటో పెట్టుకున్నాడు. గుండ్రటి రాతి కట్టడం, రెండంతస్తుల కమానులు, వాటి మీద ఒక చదరపు బురుజు. రోమ్‌లో ఉన్నదానికి తమ్ముడిలా ఉంది. “రోమ్ వెళ్లారా?” అని ఎవరో అడిగారు. నా చెయ్యి నాతో చెప్పకుండానే అన్‌మ్యూట్ మీద పడింది.

“రోమ్ కాదు, ఆర్ల్. దక్షిణ ఫ్రాన్స్‌లో, రోన్ నది ఒడ్డున. పైనున్న ఆ బురుజు రోమన్లది కాదు, తర్వాత వాళ్లు కట్టింది.”

నాకు గొంతు ఉందని చాలామందికి అప్పుడే తెలిసింది. “నువ్వు వెళ్లొచ్చావా?” అని మేనేజర్ అడిగింది. లేదండీ, మా ఇంటి ఓనర్ బట్టీ పట్టింది అని ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలో తోచక మళ్లీ మ్యూట్‌లోకి జారుకున్నాను.

ఆవిడ ఇప్పుడు లేరు.

కంగారు పడకండి. లేనిది ఈ లోకంలో కాదు, ఇల్లినాయ్‌లో. ఆవిడ భర్త ప్రాజెక్టు మారితే అందరూ జార్జియాలోని అల్ఫారెట్టాకి వెళ్లిపోయారు. మనవాళ్లలో ఊరు మారినవాళ్లకీ లోకం మారినవాళ్లకీ సభ ఒకేలా జరుగుతుంది. అందరూ గుండ్రంగా కూర్చుంటారు, ఒకరు మైకు పట్టుకుని కళ్లు తుడుచుకుంటారు, తర్వాత పులిహోర. ఆ సభలో నన్ను కూడా రెండు ముక్కలు మాట్లాడమన్నారు. “అక్క వెళ్లిపోతే నాకు దోసెలు ఉండవు” అని చెప్పి కూర్చున్నాను. అందరూ నవ్వారు. రెండో ముక్క మిగిలిపోయింది. అది ఇప్పుడు రాస్తున్నాను.

ఎమ్మెస్ అయ్యి, మొదటి ఉద్యోగం దొరికాక, అరోరాలో వాళ్ల టౌన్‌హౌస్ బేస్‌మెంట్‌లో అద్దెకి దిగాను. సూట్‌కేసుని మెట్ల మీద దొర్లించుకుంటూ, మర్యాద తెలిసిన కుర్రాడిలా “థాంక్యూ ఆంటీ” అన్నాను. పైమెట్టు మీద నుంచి జవాబొచ్చింది.

“తమ్మీ, ఆంటీ అంటే రెంట్ పెంచుత. అక్కా అంటే గిదే రేటు.”

అలా అక్క అయింది. ఆవిడ భర్త, చుట్టరికం కలుపుకోవడానికి నాకయ్యే ఖర్చేమీ లేదు కనుక, బావగారు అయ్యారు. వాళ్లమ్మాయి మాత్రం నన్ను అన్నా అనాలో అంకుల్ అనాలో తేల్చుకోలేక “హే” అనేది. ఇప్పటికీ అంతే.

మొదటి శనివారం ఉదయం పైనుంచి వచ్చే రెండు శబ్దాలకి మెలకువ వచ్చింది. ఒకటి పిండి రుబ్బే గ్రైండర్. రెండోది ఎవరో ఆ మోతని మించి గొంతు పెంచి, ఊపిరి తీసుకోకుండా, కొంచెం ముక్కుతో ఏదో చదవడం. సహస్రనామం అనుకున్నాను. కాఫీ వంక పెట్టుకుని పైకెక్కాను. అక్క గ్రైండర్ పక్కన నిలబడి, చూపు సీలింగ్‌కి ఉన్న స్మోక్ డిటెక్టర్ మీద పెట్టి, ముందుకీ వెనక్కీ సన్నగా ఊగుతోంది. వాక్యం అయిన చోటల్లా చూపుడువేలితో కౌంటర్ మీద టక్కుమని ఒక దెబ్బ.

“ఏ స్తోత్రం అక్కా?” అన్నాను.

వేలు గాల్లో ఆగిపోయింది. “అయిపాయె. మళ్ల మొదటికెల్లి చదవాలె” అంది. నిజంగానే మొదటి నుంచి మొదలుపెట్టింది.

ఆ తర్వాత నాకు అర్థమైంది ఏమిటంటే, ఆవిడ బుర్రలో ఉన్న ఆ పాఠానికి మధ్యలో ఎక్కడా స్టేషన్లు లేవు. మొదటి వాక్యం దగ్గర ఎక్కితే చివరి వాక్యం దగ్గరే దిగాలి. నడుమ డెలివరీ వాడు బెల్ కొట్టినా, పాలు పొంగినా, కూతురు “అమ్మా, నా చార్జర్ ఎక్కడ?” అని అరిచినా, రైలు వెనక్కి మొదటి స్టేషన్‌కి పోవాల్సిందే. ఆ ఇంట్లో పాలు ఎంత పొంగేవో, మొదటి పేరా నాకు కూడా సగం వచ్చేసింది.

అది స్తోత్రం కాదు. హైదరాబాద్‌లో చదివిన ఇంటర్ సెకండియర్ ఫ్రెంచ్ వ్యాసం.

“సంస్కృతం కన్న ఫ్రెంచ్‌ల ఒక్క మార్కు ఎక్కువ వస్తదన్నరు. ఒక్క మార్కు కోసం దేశమే మార్చిన” అని వివరించింది అక్క.

ఇంటర్ చదివినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. అక్కడ సెకండ్ లాంగ్వేజ్ అనేది భాష నేర్చుకోవడానికి కాదు, టోటల్ పెంచుకోవడానికి. లెక్చరర్ గారు పుస్తకం తెరుస్తారు, పరీక్షకి వచ్చేవాటికి టిక్కు పెట్టిస్తారు, రానివి కొట్టేయిస్తారు, పుస్తకం మూస్తారు. ఆ ఏడు అక్క వాళ్ల సార్ ‘ఆర్ల్ నగర చరిత్ర’ గ్యారంటీ అన్నారు. నాలుగు పేరాలు. మొదటిది గ్రీకు వర్తకులు వచ్చిన కాలం. రెండోది రోమన్ల వైభవం. నాలుగోది రైలు రావడం, దాని వెనకే ఒక చిత్రకారుడు వచ్చి చెవి కోసుకోవడం, దాని వెనకే టూరిస్టులు రావడం. మూడో పేరా దగ్గర సార్ ఆగి, “ఇది రాదు, చాయిస్‌లో వదిలేయండి” అన్నారట. క్లాసు క్లాసంతా భక్తితో వదిలేసింది.

దాంతో అక్క చెప్పే ఆర్ల్‌లో, కాన్‌స్టాంటైన్ చక్రవర్తి కట్టించుకున్న స్నానశాలలో వేడినీళ్ల స్నానం చేసి బయటికొచ్చేసరికి ఎదురుగా రైలు ఆగి ఉంటుంది. నడుమ పదిహేను శతాబ్దాలు లేవు.

“ఇంతకీ పరీక్షలో ఆ వ్యాసం వచ్చిందా?”

“రాలె. సెలవు చీటీ రాయమన్నడు.”

అక్క హెచ్-ఫోర్ వీసా మీద అమెరికా వచ్చింది. అంటే భర్త వీసాకి కట్టిన తోక. దాని మీద ఊపిరి తీసుకోవచ్చు, కూపన్లు కత్తిరించుకోవచ్చు, ఉద్యోగం మాత్రం చేయకూడదు. అంతకు ముందు హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ అకౌంట్స్‌లో మూడేళ్లు పనిచేసిన మనిషి. ఇక్కడ మొదటి శీతాకాలం, బయట మంచు, లోపల పసిపిల్ల, చేతిలో లైబ్రరీ కార్డు. పరీక్ష రాసిన ఇన్నేళ్లకి, ఆ వ్యాసానికి అర్థం ఏమై ఉంటుందా అని మొదటిసారి అనుమానం వచ్చిందట. వాక్యానికి ఒక వారం చొప్పున పుస్తకాలు తెచ్చుకుని వెతికింది. రెండో పేరాలో ఒక వాక్యం తేలిన రోజు బావగారికి ఆఫీసుకి ఫోన్ చేసింది.

“ఏమైంది? పాప మంచిగనే ఉందా?” అని ఆయన కంగారు.

“మంచిగుంది. ఆర్ల్‌ల నది మీద వంతెన పడవల మీద వేసిండ్రంట! ఫ్రెంచ్‌ల రెంటికీ ఒక్క అక్షరమే తేడా, నేను కేకులనుకున్న. కేకుల మీద వంతెన ఎట్ల నిలిచిందా అని ఇన్నేండ్లు పరేషానైన.”

బావగారు తక్కువ మాటల మనిషి. “మంచిది” అని ఫోన్ పెట్టేశారు. ఆ కథ ఆయనే నాకు చెప్పారు, నవ్వకుండా. పక్కన అక్క నవ్వలేక చచ్చింది.

అర్థం తెలిశాక ఊరుకుందా అంటే లేదు. పక్క ఊరు నేపర్‌విల్‌లో ఎవరింట్లో పాట్‌లక్ భోజనాలు జరిగినా మగవాళ్లందరూ గరాజ్‌లో చేరి తమ కంపెనీల భవిష్యత్తు చర్చిస్తారు, కంపెనీలకి ఆ సంగతి తెలియదు. అలాంటి ఒక సభలో, రెండు కంపెనీలు కలిసిపోతున్నాయి, ఏ మేనేజర్ పక్కన నిలబడాలి అని ఒకాయన మథనపడుతున్నాడు. బజ్జీల పళ్లెం తెచ్చిన అక్క అక్కడే ఆగింది.

“సీజర్‌కీ ఇంకో సర్దారు పాంపేకీ లొల్లి పడ్డప్పుడు పక్కనున్న మార్సెయ్ ఊరు మస్తు పెద్దది, మస్తు పైసలున్నది. పాంపే దిక్కు నిలబడ్డది. ఆర్ల్ చిన్నది. సీజర్‌కు ఓడలు కావాలంటే గబగబ కట్టిచ్చింది. సీజర్ గెలిచిండు. మార్సెయ్ భూములు ఆర్ల్‌కిచ్చిండు.”

“అయితే నన్నేం చెయ్యమంటవు వదినా?” అన్నాడాయన.

“ఓడలు కట్టు” అని చెప్పి, బజ్జీలు ఇచ్చి వెళ్లిపోయింది. ఆయన కట్టాడో లేదో తెలియదు. ఇప్పుడు కాలిఫోర్నియాలో ఉన్నాడు.

అన్ని సందర్భాలకీ ఆర్ల్‌లో ఒక ఉదాహరణ ఉండేది, రోమన్ల లోపు అయితే. ఆ తర్వాతది ఏదడిగినా అక్క ముఖంలో షట్టర్ దిగిపోయేది. నేను ఒకసారి ఫోన్ తీసి, “మూడో పేరాలో ఏముందో చూసేద్దామా అక్కా, రెండు నిమిషాలు” అన్నాను.

“వద్దు.”

“ఎందుకు?”

“సార్ రాదన్నరు.”

“పరీక్ష అయిపోయి రెండు దశాబ్దాలు దాటింది.”

“అయితే ఏమాయె. రానిది చదువుతె వచ్చింది మర్చిపోత” అని, నా పళ్లెంలో అడగని దోసె వేసి నోరు మూయించింది. ఆవిడ పద్ధతి అదే. సమాధానం లేనప్పుడు దోసె.

నేను దిగిన నాలుగో ఏడు అక్కకి పనిచేసుకునే అనుమతి కార్డు వచ్చింది. బావగారు కంపెనీ మారినప్పుడల్లా కాగితాలు మళ్లీ మొదటి స్టేషన్‌కి పోవడం వల్ల అంత ఆలస్యం. ఆ కార్డుని అక్క ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించి, వారం రోజులు వచ్చేపోయేవాళ్లందరికీ చూపించింది. తర్వాత రెజ్యూమే రాయడానికి కూర్చుంది. హైదరాబాద్‌లో మూడేళ్లు. దాని కింద పద్నాలుగేళ్ల తెలుపు.

మొదటి ఇంటర్వ్యూ ఒక పళ్ల డాక్టర్ దగ్గర, ఫ్రంట్ డెస్క్ పని. బావగారు క్లయింట్ ఊళ్లో ఉన్నారు కనుక నేను డ్రైవ్ చేశాను. లోపలికి వెళ్లినంత వేగంగా బయటికొచ్చి, ఒళ్లో ఫైలు పెట్టుకుని కార్లో కూర్చుంది.

“ఏమైందక్కా?”

“ఈ గ్యాప్‌ల ఏం జేసినవ్ అనడిగింది. నథింగ్ అన్న.”

“నథింగ్ ఏంటి? నాలుగేళ్లుగా నాకు దోసెలు పోస్తున్నావు.”

“అది రెజ్యూమేల వేస్తరా?”

“నేను రెఫరెన్స్ ఇస్తాను.”

నవ్వలేదు. అక్క నవ్వకపోతే నాకు రెండో జోకు రాదు. ఆ రోజు ఇల్లు చేరేదాకా రేడియో మాట్లాడింది.

రెండో ఇంటర్వ్యూలో ప్రశ్న దాకా రానివ్వలేదు. ఎదుటి మనిషి వేలు కాగితం మీద కిందకి జరుగుతూ ఆ తెలుపు దగ్గరికి రావడం చూసి, ఒంట్లో బాగాలేదని లేచి వచ్చేసింది. మూడోది ఊళ్లోని ఒక లైబ్రరీలో, కౌంటర్ దగ్గర పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే పని. నిజానికి మొదటి నుంచీ ఆవిడ కోరుకున్నది అదే, రెండు రిహార్సల్స్ అయ్యాక వెళ్దామని దాచుకుంది. పిలుపు వచ్చిన రోజు బావగారితో, “ఇదిట్లనే పోతే ఇంక అప్లై జెయ్య. కార్డు ఫ్రిజ్ మీదనే ఉంటది” అంది. ఆయన “మంచిది” అనలేదు. ఆయన ఆ మాట అనకపోవడం నేను వినడం అదే మొదలు.

సాయం చేయడానికి మనవాళ్లు ఎప్పుడూ సిద్ధమే. బావగారి స్నేహితుడొకాయన కన్సల్టెన్సీ నడుపుతాడు. సోఫాలో చేరగిలబడి, “వదినా, దీనికింత ఆలోచనా? మా కంపెనీలో నాలుగేళ్లు క్యూఏ టెస్టింగ్ చేసినట్టు పెట్టేద్దాం. అడిగితే నేను చెప్తాను. అందరం చేసేదే” అన్నాడు.

“అన్నా, రాని ప్రశ్నకు సొంత కవిత్వం రాస్తే దిద్దేటోళ్లకు తెల్వదా?” అంది అక్క. ఆయనకీ ఒక దోసె పడింది.

ఇంటర్వ్యూ సోమవారం. దాని ముందు శనివారం ఉదయం యథాప్రకారం గ్రైండర్, స్మోక్ డిటెక్టర్, ఆర్ల్. వాళ్లమ్మాయి తొమ్మిదో తరగతి. ఆ ఏడే స్కూల్లో ఫ్రెంచ్ తీసుకుంది, మార్కుల కోసం కాదు, ఆ క్లాసులో సినిమాలు చూపిస్తారని. టేబుల్ దగ్గర పాలల్లో కలిపిన సీరియల్ తింటూ, వాళ్లమ్మ చదివేది కాసేపు విని, చెంచా కింద పెట్టింది.

“అమ్మా, దట్ ఈజ్ నాట్ ఫ్రెంచ్. అది తెలుగు, బట్ త్రూ ది నోజ్.”

“అయిపాయె, మొదటికెల్లి…”

“వెయిట్, వెయిట్. నీ ఎస్సేలో రోమన్స్ తర్వాత డైరెక్ట్‌గా ట్రెయిన్ ఎందుకు వస్తుంది? మధ్యలో పీపుల్ ఎక్కడికి వెళ్లారు?”

“అది చాయిస్‌ల వదిలేసినం.”

“మీన్స్?”

చాయిస్‌లో వదిలేయడం అంటే ఏమిటో అమెరికాలో పుట్టిన పిల్లకి నేను వివరించాను. పాఠం ఉంటుంది, కానీ లేనట్టే. “దట్స్ సో వియర్డ్” అని ఆ పిల్ల ఫోన్ తీసింది. తల్లి వద్దనే లోపే చదవడం మొదలుపెట్టింది.

“ఓ మై గాడ్. అమ్మా, వాళ్లు అరీనాలో లివ్ చేశారు.”

“ఎవరు?”

“పీపుల్! రోమన్స్ వెళ్లాక. వాళ్లకి అటాక్స్ అంటే భయం, సో ఆ ఆర్చెస్ అన్నీ క్లోజ్ చేసి, పైన టవర్స్ కట్టి, స్టేడియం లోపల హౌసెస్ కట్టుకున్నారు. లైక్, టూ హండ్రెడ్ హౌసెస్. రెండు చర్చెస్ కూడా.”

అక్క చెయ్యి గ్రైండర్ స్విచ్ మీదకి వెళ్లింది. పిండి సగంలో ఉండగా ఆవిడ గ్రైండర్ ఆపడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఉండరు. ఆ నిశ్శబ్దానికి బావగారు మేడ మీద నుంచి “కరెంట్ పోయిందా?” అని కేకేశారు.

“ఎంతకాలం ఉన్నరు?” అంది అక్క.

“సెంచరీస్. లైక్ ఎ థౌజండ్ ఇయర్స్, అమ్మా.”

“నీళ్లెక్కడికెల్లి తెచ్చుకునేటోళ్లు?”

“ఐ డోంట్ నో. వాటర్ గురించి లేదు.”

“బట్టలు యాడ ఆరేసేటోళ్లు? వాన నీళ్లెట్ల పోయేటియి? గుండ్రంగుంటది గద, లోపట్నే నిలుస్తయి.”

“అమ్మా! ఇట్స్ జస్ట్ ఎ వెబ్‌సైట్.”

“అంటే గేటెడ్ కమ్యూనిటీ” అన్నాను నేను. “బేస్‌మెంట్లు అద్దెకిచ్చేవాళ్లా?”

“ఇచ్చే ఉంటరు. ఆడ గూడ నీ అసొంటోడు ఒకడుండే ఉంటడు, కాఫీ అనుకుంట పైకొచ్చేటోడు” అంది, నా వైపు చూడకుండానే. చూపు ఇంకా కూతురి ఫోన్ మీదే ఉంది. “మరి ఆ ఇండ్లేవి? ఫొటోల ఎప్పుడు కనబడలె.”

“తీసేశారు. లేటర్, ట్రెయిన్ వచ్చే ముందు. మళ్లీ రోమన్ లుక్ రావాలని, అందరినీ మూవ్ చేసి, హౌసెస్ అన్నీ బ్రేక్ చేశారు. టవర్స్ మాత్రం కొన్ని ఉన్నాయి.”

అక్క కౌంటర్‌కి ఆనుకుని నిలబడింది. వేళ్లకి అంటిన పిండి ఆరిపోతోంది.

“అంటే,” అంది నెమ్మదిగా, “మూడో పేరా కొట్టేసింది మా సార్ ఒక్కరే కాదన్నట్టు.”

అలాంటి చోట ఒక జోకు వేయడం నా బాధ్యతగా భావిస్తాను. నోట్లో కాఫీ ఉంది. అందుకని వేయలేదు.

సోమవారం లైబ్రరీలో ఇంటర్వ్యూ అద్దాల గదిలో. నేను ఎదురుగా పత్రికల అర దగ్గర, తోటపని మీద ఒక పత్రిక తిరగేస్తూ కూర్చున్నాను. లోపల నెరిసిన జుట్టు ఆవిడ ఒకరు, పక్కన ఒక కుర్రాడు. మాటలు వినపడవు. ఆవిడ వేలు కాగితం మీద కిందకి జరిగి ఒకచోట ఆగింది. అక్క చూపు పైకి లేచింది. సీలింగ్ మీద స్మోక్ డిటెక్టర్ వెతుక్కుంది. ఒళ్లు ముందుకీ వెనక్కీ సన్నగా ఊగడం మొదలైంది.

అయిపోయింది అనుకున్నాను. ఫ్రెంచ్‌లో మొదలుపెట్టేసింది. ఇప్పుడు ఎవరూ అడ్డు రాకపోతే చిత్రకారుడి చెవి దాకా ఆగదు.

కానీ వేలు టక్కుమనలేదు. బల్ల మీద రెండు చేతులతో పెద్ద గుండ్రం గీసింది. తన ఫైలు తీసి దాని మధ్యలో పెట్టింది. పెన్ను పెట్టింది. స్టేప్లర్ లాక్కుని దాని పక్కన పెట్టింది. నెరిసిన జుట్టు ఆవిడ కాసేపు చూసి, తన టీ కప్పు ఎత్తి ఎక్కడ పెట్టమంటారు అన్నట్టు అడిగింది. అక్క స్టేప్లర్ పక్కన చోటు చూపించింది. కుర్రాడు తన కళ్లజోడు ఇచ్చాడు. నా చేతిలో తోటపని పత్రిక తలకిందులుగా ఉందని అప్పుడు గమనించాను.

కార్లో కూర్చున్నాక అడిగాను. “ఏం చెప్పావక్కా?”

“గ్యాప్‌ల ఏం జేసినవ్ అంటే, లోపల ఇల్లు కట్టుకున్నం అన్న.”

“అర్థమైందా వాళ్లకి?”

“కాలె. అందుకే మొదలు ఆర్ల్ చెప్పిన. అటెన్క నాది చెప్పిన. బిడ్డను పెంచిన. మన ముసలోళ్లు హాస్పిటల్‌ల పడితే డాక్టర్ మాట తెలుగుల చెప్పిన. ఆదివారం పూట పిల్లలకు అఆలు దిద్దించిన. కొత్తగొచ్చిన ఆడపిల్లలకు కారు నేర్పిచ్చిన. బేస్‌మెంట్‌ల ఒకన్ని మనిషిని జేస్తున్న.”

“నా పేరు చెప్పావా?”

“చెప్పలె. ఇంక పూర్తి కాలె గద.”

అంటూ నవ్వింది. పళ్ల డాక్టర్ నాటి నుంచి బాకీ పడిన నవ్వు. నేను రేడియో కట్టేశాను.

ఇది కథ అయితే ఆ ఉద్యోగం రావాలి. వారం తర్వాత, చాలా మర్యాదగా, వేరొకరిని తీసుకున్నామని ఈమెయిల్ వచ్చింది. నాలుగు ఓదార్పు మాటలు సిద్ధం చేసుకుని పైకెళ్లాను. అక్క దోసెలు పోస్తోంది.

“పోయిందక్కా?”

“పోతే పోయింది. సప్లిమెంటరీ ఉంటది గద” అంది. పక్కన కూతురు ల్యాప్‌టాప్‌లో రెజ్యూమే తెరుచుకుని కూర్చుంది. ఆ తెలుపు ఉన్నచోట పద్నాలుగేళ్లకి ఎదురుగా ‘అరోరా, ఇల్లినాయ్’ అని టైపు చేసి, కింద వాళ్లమ్మ చెప్పిందల్లా ఇంగ్లిష్‌లోకి మారుస్తోంది. కన్సల్టెన్సీ మాట ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత కొన్ని నెలలకే బావగారి ప్రాజెక్టు మారడం, మైకు, కళ్లు తుడుచుకోవడం, పులిహోర.

మొన్న మీటింగ్ అయ్యాక మధ్యాహ్నం అక్కకి ఫోన్ చేశాను. వెనకాల కార్ల చప్పుడు.

“ఏంది తమ్మీ, పెండ్లి కుదిరిందా?”

“లేదక్కా. ఆర్ల్ కనపడింది.”

“యాడ?”

“మీటింగ్‌లో, ఒకడి వెనకాల.”

“బురుజు కనబడ్డదా?”

“కనబడింది.”

“అది మావోళ్లదే” అంది, ఆ ఊళ్లో తనకి పొలం ఉన్నట్టు.

అల్ఫారెట్టా దగ్గర ఒక లైబ్రరీలో వేసవి నుంచి పనిచేస్తోందట. ఇప్పుడు లంచ్ టైమ్, పార్కింగ్‌లో కార్లో కూర్చుని డబ్బా తింటోంది. ఇంటర్వ్యూలో ఇక్కడ కూడా గ్యాప్ గురించి అడిగారా అన్నాను. “గ్యాపేది? నిండుగుంటే ఏమడుగుతరు” అంది. తర్వాత గొంతు తగ్గించి, ఏదో దొంగసరుకు సంగతి చెప్తున్నట్టు, “మూడో పేరా రాసిన, ఎరుకేనా?” అంది.

“ఎవరు?”

“నేనే. ఫ్రెంచ్‌ల. నా బిడ్డ దిద్దింది, తిట్టుకుంట. ఇంటవా?”

వింటానన్నాను. ఎవరైనా ఇంకేమంటారు? అక్క గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. గ్రీకులు వచ్చారు. సీజర్‌కి ఓడలు కట్టారు. పడవల మీద వంతెన పడింది, కేకులు కాదు. ఉచ్చారణ మారలేదు, ఇంకా ముక్కులోంచే. కాన్‌స్టాంటైన్ స్నానం చేసి బయటికొచ్చాడు. ఈసారి ఎదురుగా రైలు లేదు. నాకు భాష రాదు కనుక మధ్యమధ్య తెలుగులో చెప్పుకుంటూ పోయింది. కమానులు మూసేశారు, బురుజులు లేపారు, గుండ్రం లోపల గోడకి గోడ ఆనించి ఇళ్లు కట్టుకున్నారు…

అప్పుడు కారు అద్దం మీద ఎవరో తట్టారు. తిరిగిచ్చే పుస్తకాలు బయట వేసే పెట్టె తాళంచెవి కావాలట. అక్క అద్దం దించి, సంచీలో వెతికి, ఇంగ్లిష్‌లో ఏదో అంది. అవతలి మనిషి పడీపడీ నవ్వింది. ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. నేను ఫోన్ స్పీకర్లో పెట్టి, ఉప్మా గిన్నె దగ్గరికి లాక్కున్నాను. ఇక మళ్లీ గ్రీకులు, మళ్లీ సీజర్ అనుకున్నాను. నాకు అలవాటే, ఎంతసేపైనా పట్టొచ్చు.

అద్దం పైకి లేచిన చప్పుడు వినపడింది.

“ఆఁ, యాడున్నం? ఇండ్లల్ల ఉన్నం” అని, అక్క ఆగిన చోటి నుంచే అందుకుంది.

నేను మ్యూట్ నొక్కాను. అక్టోబరు కదా, ఇక్కడ జలుబుల కాలం. ముక్కు చప్పుడు అవతలికి వినపడితే బాగుండదు.